లిలువా: హుగ్లీ ఒడ్డున రైలుపెట్టెల పట్టణం

పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో, హుగ్లీ నదికి పడమటి వైపున ఉన్న పట్టణ ప్రాంతం లిలువా. హౌరా స్టేషన్ నుంచి బర్ధమాన్ వైపు బయలుదేరే లోకల్ రైలుకు మొదటి స్టేషను ఇదే. దీనికి దక్షిణాన హౌరా నగరం, ఉత్తరాన బేలూర్, ఆ పైన బాలీ ఉన్నాయి. నదికి ఆవలి ఒడ్డున ఉత్తర కోల్‌కతా విస్తరించి ఉంది. రైల్వే ఉద్యోగులకు లిలువా పేరు దేశమంతటా పరిచితమే. ప్రయాణికుల పెట్టెలను విప్పి, బాగుచేసి, తిరిగి పట్టాలెక్కించే పెద్ద వర్క్‌షాప్ ఇక్కడ 1900 నుంచి పనిచేస్తోంది.

ఇంత పేరున్నా లిలువాకు సొంత పురపాలక సంఘం ఏనాడూ లేదు. పందొమ్మిదో శతాబ్దిలో హౌరా పురపాలక సంఘం, 1883 నుంచి బాలీ పురపాలక సంఘం, 2015 నుంచి హౌరా నగరపాలక సంస్థ ఈ ప్రాంతపు పన్నులు వసూలు చేశాయి. 2021లో బాలీని హౌరా నుంచి మళ్లీ విడదీసే బిల్లును రాష్ట్ర శాసనసభ ఆమోదించింది. వీధి కాలువ పొంగినా, కుళాయి నీరు ఆగినా ఎవరిని అడగాలి అన్న ప్రశ్న ఈ మార్పులన్నిటి మధ్య స్థానికులకు మిగిలిపోయింది. లిలువా చరిత్రను, జీవనాన్ని తెలుసుకోవడానికి ఈ ప్రశ్న మంచి ఆధారం.

నది, పోటు, నేల వాలు

లిలువా నుంచి సముద్రం కనిపించదు. అయినా సముద్రపు ఆటుపోట్లు ఇక్కడి నదిని రోజుకు రెండుసార్లు కదిలిస్తాయి. బంగాళాఖాతం నుంచి వచ్చే పోటు కోల్‌కతా, హౌరా రేవులను దాటి ఎంతో ఎగువకు వెళుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు బలంగా ఉన్నప్పుడు నీరు ఒక గోడలా లేచి, ప్రవాహానికి ఎదురుగా పరుగెత్తుతుంది. బెంగాలీలు దీనిని ‘బాన్’ అంటారు. అది వచ్చే వేళకు పడవవారు ఒడ్డున కట్టిన పడవలను విప్పి నది మధ్యకు తీసుకుపోతారు. ఒడ్డున ఉంచితే అలల తాకిడికి అవి మెట్లకు కొట్టుకుని పగిలిపోయే ప్రమాదం ఉంది.

కోల్‌కతా రేవు ఈ పోటు మీదే ఆధారపడి పెరిగింది. నదిలో ఒండ్రు పేరుకుని ఓడల రాకపోకలు కష్టం కావడంతో గంగా నీటిని హుగ్లీలోకి మళ్లించేందుకు ఫరక్కా బ్యారేజీని నిర్మించారు. అది 1975లో పనిలోకి వచ్చింది.

ఇక్కడి నేల వాలు కూడా నది చేసినదే. వరదల్లో నది మోసుకొచ్చిన ఒండ్రు గట్టు వెంబడి పేరుకోవడంతో ఒడ్డు ఎత్తుగా, దానికి పడమటి భూమి పల్లంగా ఏర్పడింది. గ్రాండ్ ట్రంక్ రోడ్డు ఈ ఎత్తయిన నేల మీదుగానే హౌరా నుంచి బేలూర్, బాలీల వైపు సాగుతుంది. వాన కురిసినప్పుడు నీరు పక్కనే ఉన్న నదిలోకి పోక, పడమటి పల్లానికి మళ్లుతుంది. ఆ దారిలో రైలు కట్టలు అడ్డు తగులుతాయి. కాలువల నీటిని నదిలోకి వదలాలన్నా పోటు తగ్గేవరకు ఆగాలి. ఇళ్లు పెరిగి చెరువులు, పల్లపు భూములు పూడిన కొద్దీ నిలిచే నీరు పెరిగింది. వానాకాలంలో లిలువా వీధులు మునగడానికి మూలం ఈ భౌగోళిక స్థితిలోనే ఉంది.

రైలుకు ముందు, రైలుతో పాటు

రైలు రాకముందు ఈ తీరం గుడులకు, స్నానఘట్టాలకు, పడవల రేవులకు నెలవు. లిలువాకు చేరువలోని ఘుసురిలో పద్దెనిమిదో శతాబ్ది చివరి భాగంలో భోట్‌బగాన్ అనే మఠం వెలసింది. వారన్ హేస్టింగ్స్ కాలంలో టిబెట్ పంచన్ లామాతో ఏర్పడిన రాయబార సంబంధాలు దాని స్థాపనకు దారితీశాయి. మైదాన బెంగాల్‌లో టిబెటన్ సంప్రదాయంతో ముడిపడిన మఠం ఉండడం అరుదైన విషయం. బాలీ సంస్కృత పండితులకు పేరు పొందిన పాత గ్రామం. తత్త్వబోధినీ పత్రిక సంపాదకుడిగా బెంగాలీ వచనానికి రూపునిచ్చిన అక్షయకుమార్ దత్త తన చివరి సంవత్సరాలను బాలీలో, తాను పెంచుకున్న మొక్కల తోట మధ్య గడిపి 1886లో అక్కడే మరణించారు.

1854 ఆగస్టు 15న ఈస్ట్ ఇండియన్ రైల్వే హౌరా నుంచి హుగ్లీ వరకు తొలి ప్రయాణికుల రైలును నడిపింది. దూరం 24 మైళ్లు, అంటే సుమారు 39 కిలోమీటర్లు. ఈ రైలు ప్రారంభానికి ముందు కంపెనీకి ఒక అవాంతరం ఎదురైంది. ఇంగ్లండు నుంచి పెట్టెలను తెస్తున్న గుడ్విన్ అనే ఓడ హుగ్లీ ముఖద్వారం దగ్గర మునిగిపోయింది. ఇంజన్లను తేవలసిన మరో ఓడ పొరపాటున ఆస్ట్రేలియాకు వెళ్లి, ఆలస్యంగా కలకత్తా చేరింది. పెట్టెల కోసం మళ్లీ ఎదురుచూడకుండా కంపెనీ ఇంజనీరు జాన్ హాడ్జ్‌సన్ వాటి నమూనాలను ఇక్కడే సిద్ధం చేయగా, కలకత్తాలోని బండ్ల తయారీ సంస్థలు వాటిని నిర్మించాయి. హుగ్లీ తీరంలో రైలుపెట్టెల తయారీ ఇలా అవసరం కొద్దీ మొదలైంది.

పెట్టెలు, సరకు బండ్ల మరమ్మతుకు కంపెనీ మొదట హౌరాలోనే కార్ఖానా నడిపింది. ఇంజన్ల పనికి బీహార్‌లోని జమాల్‌పూర్‌లో 1862లో వర్క్‌షాప్ నెలకొంది. హౌరాలోని పెట్టెల కార్ఖానా 1900లో లిలువాకు మారింది. ఆ తరువాత ఐదేళ్లకు, 1905లో, హౌరా స్టేషన్ కొత్త భవనం ప్రారంభమైంది. ఈస్ట్ ఇండియన్ రైల్వే 1925లో ప్రభుత్వ యాజమాన్యంలోకి వచ్చింది. 1952 నుంచి లిలువా వర్క్‌షాప్ తూర్పు రైల్వేలో భాగం.

వర్క్‌షాప్‌లో పని

రైలుపెట్టె నిర్ణీత కాలానికి ఒకసారి వర్క్‌షాప్‌కు రావాలి. అక్కడ ముందుగా దాని పైభాగాన్ని క్రేన్లతో ఎత్తి, కింది చక్రాల చట్రాల నుంచి వేరు చేస్తారు. చట్రాలను విప్పి స్ప్రింగులు, బ్రేకు భాగాలు, బేరింగులు పరీక్షిస్తారు. అరిగిన చక్రాలను లేత్ యంత్రం మీద తిరిగి కోసి సరైన ఆకారానికి తెస్తారు. ఇరుసులో కంటికి కనిపించని పగుళ్లు ఉన్నాయేమో అతిధ్వని తరంగాలతో చూస్తారు. పైభాగంలో తుప్పు పట్టిన రేకులు కోసి కొత్తవి అతుకుతారు. వైరింగ్, సీట్లు, కిటికీలు, నీటి గొట్టాలు సరిచేసి రంగు వేస్తారు. చివరకు పెట్టెను చట్రాల మీదకు దించి, బ్రేకులు పరీక్షించి ప్రయాణానికి పంపుతారు. తెలుగు ప్రాంతంలో సికింద్రాబాద్ లాలాగూడ వర్క్‌షాప్, తిరుపతి పెట్టెల మరమ్మతు కర్మాగారం చేసే పని ఇటువంటిదే.

ఈ పని స్వభావం ఇప్పుడు మారుతోంది. 1955లో మద్రాసు పెరంబూర్‌లో ప్రారంభమైన ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ నమూనా పెట్టెలు ఆరు దశాబ్దాలకు పైగా దేశాన్ని మోశాయి. వాటి ఉక్కు రేకులు, ముఖ్యంగా మరుగుదొడ్ల కింద, త్వరగా తుప్పు పడతాయి. ఆ తుప్పును తొలగించడమే వర్క్‌షాప్‌లలో ఎక్కువ మందికి పని కల్పించింది. 2018 తరువాత రైల్వేలు ఆ నమూనా తయారీని ఆపి, జర్మన్ రూపకల్పన అయిన ఎల్‌హెచ్‌బీ పెట్టెలకు పూర్తిగా మారాయి. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన ఈ పెట్టెలకు తుప్పు పని తక్కువ, చట్రాలు, బ్రేకులు, విద్యుత్ పరికరాల పని ఎక్కువ. రేకు కోసి అతికే నైపుణ్యానికి గిరాకీ తగ్గి, కొలతల్లో సూక్ష్మత కోరే పనులకు పెరిగింది. వర్క్‌షాప్ జీతాల మీద నడిచే పట్టణానికి ఇది చిన్న మార్పు కాదు.

వర్క్‌షాప్ చుట్టూ రైల్వే కాలనీ పెరిగింది. బ్రిటిష్ కాలంలో యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులకు తోటలున్న బంగళాలు, భారతీయ కార్మికులకు వరుస ఇళ్లు లేదా ప్రైవేటు బస్తీలు దక్కాయి. ప్రభుత్వ కొలువుకు వెలుపల ఉన్న ఉపాధి చిన్న ఇంజనీరింగ్ యూనిట్లలో, ఇనుము పోతపోసే ఫౌండ్రీల్లో ఉంది. హౌరా ప్రాంతం ఒకప్పుడు ఈ ఫౌండ్రీల వల్లే దేశమంతటా పేరు పొందింది. చదువు విషయానికొస్తే, 1937లో ప్రారంభమైన డాన్ బాస్కో పాఠశాల లిలువాకు బయట కూడా తెలిసిన సంస్థ.

1928 సమ్మె

లిలువా పేరు భారత కార్మికోద్యమ చరిత్రలో నిలిచింది 1928 సమ్మెతో. జీతాలు పెంచాలని, సంఘాన్ని గుర్తించాలని వర్క్‌షాప్ కార్మికులు కోరారు. ఆ ఏడాది మార్చిలో యాజమాన్యం లాకౌట్ ప్రకటించింది. అదే నెలలో బామన్‌గాచీ దగ్గర కార్మికుల ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరపగా ప్రాణనష్టం సంభవించింది. పోరాటం హౌరా దాటి రైలు మార్గం వెంబడి అండాల్, అసన్సోల్ వరకు పాకింది. నెలల తరబడి జీతాలు లేక కుటుంబాలు నలిగిపోయాయి. జులైలో సమ్మె ముగిసేనాటికి ప్రధాన కోర్కెలు తీరలేదు.

ఆ రోజుల్లో సంఘానికి నాయకత్వం వహించినవారిలో కె.సి. మిత్ర ముఖ్యులు. కార్మిక కర్షక పార్టీకి చెందిన ధరణీ గోస్వామి, గోపేన్ చక్రవర్తి, బ్రిటన్ నుంచి వచ్చిన కమ్యూనిస్టు ఫిలిప్ స్ప్రాట్ కార్మికుల మధ్య పనిచేశారు. 1929 మార్చిలో ప్రభుత్వం మోపిన మీరట్ కుట్ర కేసులో ఈ చివరి ముగ్గురూ నిందితులయ్యారు.

తెలుగువారికి దగ్గరి సంబంధం ఉన్న ఘట్టం ఒకటి అదే కాలంలో హుగ్లీకి నైరుతి దిశలో జరిగింది. కలకత్తా నుంచి వాల్తేరు దాకా రైళ్లు నడిపిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో, ఖరగ్‌పూర్ వర్క్‌షాప్ కార్మికులు 1927లో సమ్మె చేశారు. ఆ రైల్వే కార్మిక సంఘాన్ని నడిపిన నాయకుడు బరంపురంలో పుట్టిన వి.వి. గిరి. తరువాతి కాలంలో, 1969 నుంచి 1974 వరకు, ఆయన భారత రాష్ట్రపతిగా ఉన్నారు. ఖరగ్‌పూర్, లిలువా సమ్మెలు వేర్వేరు రైల్వేలలో జరిగినా రెంటిలోనూ వినిపించిన కోర్కెలు ఒకే తీరువి: ఉద్యోగ భద్రత, బతకగలిగే జీతం, మాట్లాడే సంఘం.

ప్రజలు, భాషలు, తెలుగు బంధం

రైలు, జనుము మిల్లులు, ఫౌండ్రీలు కలిసి ఈ తీరానికి దేశం నలుమూలల నుంచి మనుషులను రప్పించాయి. బెంగాలీలతో పాటు బీహార్, తూర్పు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన హిందీ, భోజ్‌పురి, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు లిలువాలో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులు హౌరా జిల్లాలోనూ స్థిరపడ్డారు.

ఆనాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వలస వచ్చిన తెలుగు కార్మికులు ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలకే హుగ్లీ ఒడ్డు జనుము మిల్లులలో కనిపిస్తారు. మిల్లు రికార్డుల్లో వారిని ‘మద్రాసీలు’ అనే రాసేవారు. తూర్పు తీరపు రైలు మార్గం పూర్తయ్యాక వలస సులభమైంది. టీటాగఢ్ వంటి మిల్లు పట్టణాల్లో, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తరతరాలుగా తెలుగు కుటుంబాలు నివసిస్తున్నాయి. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరికను పరిగణనలోకి తీసుకుని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇచ్చేందుకు ఆమోదం తెలిపింది.

తెలుగు నేలకు, ఈ ప్రాంతపు వంటింటికి మధ్య నిత్యం నడిచే సంబంధం చేపలది. కొల్లేరు చుట్టుపక్కల, భీమవరం, ఆకివీడు, కైకలూరు ప్రాంతాల చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి మంచులో పెట్టి హౌరా టోకు చేపల మార్కెట్‌కు చేరతాయి. అక్కడి నుంచి లిలువా, బేలూర్ బజార్లకు వెళతాయి. బెంగాలీ గృహిణి బొచ్చెను కాత్లా అని, శీలావతిని రుయి అని అడుగుతుంది. నదిలో దొరికిన చేపకు ఒక ధర, ‘ఆంధ్ర’ చేపకు మరొక ధర చెప్పడం అక్కడి బజారు మర్యాద. ఆంధ్ర తీరంలో తుపాను వచ్చి లారీలు ఆగితే హౌరాలో చేపల ధర పెరుగుతుంది.

ఏడాది పొడవునా

లిలువాలో రోజు లోకల్ రైలుతో మొదలవుతుంది. హౌరా నుంచి ఈ మార్గంలో విద్యుత్ లోకల్ రైళ్లు 1957 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. హుగ్లీ, బర్ధమాన్ జిల్లాల పల్లెల నుంచి కూరగాయలు, పాలవిరుగుడు, పూలు ఈ రైళ్లలోనే నగరానికి వస్తాయి. స్టేషన్ బయట టోటో అని పిలిచే బ్యాటరీ రిక్షాలు, టీ కొట్లు, మరమరాలతో ఆవనూనె కలిపి అమ్మే బండ్లు, బీహారీల సత్తు, లిట్టీ దుకాణాలు పక్కపక్కనే ఉంటాయి.

పండుగలలో వర్క్‌షాప్ పట్టణానికి ప్రత్యేకమైనది సెప్టెంబరు మధ్యలో వచ్చే విశ్వకర్మ పూజ. ఆ రోజు యంత్రాలను కడిగి, బొట్టు పెట్టి, పని ఆపుతారు. ఫౌండ్రీలు, గ్యారేజీలు, రిక్షా స్టాండ్లు అన్నీ విగ్రహాలు నిలుపుతాయి. మేడల మీద గాలిపటాల పోటీలు సాగుతాయి. తెలుగు ప్రాంతంలో గాలిపటం సంక్రాంతిది. బెంగాల్‌లో అది విశ్వకర్మది. ఆ వెంటనే దుర్గాపూజ, కాళీపూజ వస్తాయి. కాళీపూజ తరువాత ఆరో రోజున బీహారీ కుటుంబాలు ఛఠ్ పూజకు హుగ్లీ మెట్ల మీద బారులు తీరుతాయి. సూర్యాస్తమయానికి, మర్నాటి సూర్యోదయానికి నదిలో నిలబడి అర్ఘ్యం ఇస్తారు.

పక్కనే ఉన్న బేలూర్ మఠం ఈ ప్రాంతానికి దేశవిదేశాల నుంచి యాత్రికులను తెస్తుంది. స్వామి వివేకానంద 1897లో రామకృష్ణ మిషన్‌ను స్థాపించారు. మరుసటి ఏడాది బేలూర్ దగ్గర నది ఒడ్డున మఠానికి స్థలం సమకూరింది. ఆయన 1902 జులై 4న అక్కడే దేహం చాలించారు. ఇప్పుడున్న ప్రధాన ఆలయం ప్రతిష్ఠ 1938 జనవరి 14న జరిగింది. మఠం రేవు నుంచి అవతలి ఒడ్డున, ఎగువనున్న దక్షిణేశ్వర్ కాళీ ఆలయానికి పడవలు నడుస్తాయి. ఉత్తరాన బాలీ, దక్షిణేశ్వర్‌లను కలుపుతూ 1931 చివరలో ప్రారంభమైన విల్లింగ్డన్ వంతెనను నేడు వివేకానంద సేతు అంటారు. దాని పక్కన 2007లో నివేదితా సేతు వచ్చింది. దక్షిణాన, హౌరా మైదానానికి నది కింది సొరంగం గుండా మెట్రో రైలు 2024 మార్చిలో చేరింది.

ఊరి పాలన: 1862 నుంచి 2015 వరకు

హౌరా పురపాలక సంఘం 1862లో ఏర్పడింది. ఉత్తర భాగాన్ని వేరుచేసి 1883లో బాలీ పురపాలక సంఘాన్ని నెలకొల్పారు. బాలీ, బేలూర్, లిలువాలలో ఎక్కువ భాగం దాని పరిధిలోకి వచ్చాయి. పట్టణం పడమటికి విస్తరించిన చోట్ల కొన్ని పేటలు నేటికీ గ్రామ పంచాయతీల కింద ఉన్నాయి. రైల్వే కాలనీ నిర్వహణను రైల్వేలే చూసుకుంటాయి. కాబట్టి లిలువా చిరునామా ఉన్న ఇద్దరు ఇరుగుపొరుగులు వేర్వేరు కార్యాలయాలకు ఫిర్యాదు చేయవలసి రావడం ఇక్కడ వింత కాదు.

బాలీ పురపాలక సంఘం తొలి దశాబ్దాల్లో జరిగిన ఒక వివాదం బేలూర్ మఠ చరిత్రలో నమోదైంది. సంఘం మఠాన్ని ధార్మిక సంస్థగా కాక ఒక వ్యక్తికి చెందిన తోట ఇల్లుగా లెక్కించి పన్ను విధించింది. మఠం న్యాయస్థానానికి వెళ్లి తన వాదన నెగ్గించుకుంది. చిన్న పట్టణపు పాలక మండలికి ఎంత అధికారం ఉండేదో, దాన్ని ప్రశ్నించే దారి కూడా అంత దగ్గరలోనే ఉండేదని ఈ ఉదంతం చెబుతుంది.

హౌరా 1984లో నగరపాలక సంస్థగా మారింది. బాలీ మాత్రం విడిగానే కొనసాగింది. 2011 జనగణన నాటికి బాలీ పురపాలక సంఘం జనాభా 2,93,373. సంఘంలో 35 వార్డులు ఉండేవి. అంటే సగటున సుమారు 8,400 మందికి ఒక కౌన్సిలరు.

35 వార్డులు, 16 వార్డులు

2015 జులైలో బాలీని హౌరా నగరపాలక సంస్థలో కలిపారు. పాత 35 వార్డుల స్థానంలో 16 వార్డులు ఏర్పాటయ్యాయి. హౌరా మొత్తం వార్డులు 50 నుంచి 66కు పెరిగాయి. అదే ఏడాది అక్టోబరులో ఈ 16 వార్డులకు ఎన్నికలు జరిగాయి. 2011 జనాభా ప్రకారం లెక్కిస్తే, సగటున ఒక్కో కౌన్సిలరు పరిధిలోకి వచ్చినవారు 18,300 మందికి పైగా. పెద్ద సంస్థకు ఎక్కువ నిధులు, మెరుగైన యంత్రాలు, ఇంజనీర్లు అందుతారన్నది విలీనానికి అనుకూలమైన వాదన. ఫిర్యాదు చేసేవారికి, వినేవారికి మధ్య దూరం పెరుగుతుందన్నది ప్రతికూల వాదన.

2013లో ఎన్నికైన హౌరా మండలి పదవీకాలం 2018 డిసెంబరులో ముగిసింది. కొత్త ఎన్నికలు జరగక పాలన నియమిత అధికారుల, పాలకుల చేతికి వెళ్లింది. 2021 నవంబరులో బాలీని తిరిగి వేరుచేసే సవరణ బిల్లును శాసనసభ ఆమోదించింది. గవర్నరు ఆమోదం విషయంలో ప్రభుత్వానికి, రాజ్‌భవన్‌కు మధ్య వివాదం తలెత్తి, కలకత్తా హైకోర్టు వరకు వెళ్లింది. 2021 డిసెంబరులో కోల్‌కతా నగరపాలక సంస్థకు, 2022 ఫిబ్రవరిలో రాష్ట్రంలోని 108 పురపాలక సంఘాలకు పోలింగ్ జరిగింది. హౌరా, బాలీ రెండూ ఆ జాబితాల్లో లేవు.

రాజ్యాంగం 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పురపాలక సంస్థ పదవీకాలం ఐదేళ్లని, అది ముగియకముందే తదుపరి ఎన్నిక పూర్తికావాలని 243-యు అధికరణం చెబుతుంది. రద్దయిన సంస్థకైతే ఆరు నెలల గడువు ఉంది. పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 పనులను పన్నెండో షెడ్యూలు పేర్కొంటుంది. నీటి సరఫరా, పారిశుద్ధ్యం, రోడ్లు, మురికివాడల అభివృద్ధి అందులో ఉన్నాయి.

తెలుగు శ్రోతలకు ఈ పరిస్థితి అపరిచితం కాదు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న భీమునిపట్నం 1861లోనే పురపాలక సంఘాన్ని పొందింది. దేశంలోని పాత పురపాలక సంఘాలలో అది ఒకటి. తరువాతి కాలంలో అది గ్రేటర్ విశాఖ నగరపాలక సంస్థలో భాగమైంది. గ్రేటర్ విశాఖలో సైతం 2012లో మండలి గడువు ముగిశాక 2021 మార్చి వరకు ఎన్నికలు జరగలేదు. తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారులే పాలించారు. రెండు రాష్ట్రాల్లో, రెండు తీరాల్లో, పెద్ద నగరం పక్కనున్న పాత పట్టణానికి ఎదురైన అనుభవం చాలావరకు ఒకటే.

నీరు, మురుగు, చెత్త

పాలన ఎవరిదన్న ప్రశ్న వానాకాలంలో అత్యవసరమవుతుంది. లిలువా నీరు బయటకు పోవాలంటే వార్డు కాలువ, నగర ప్రధాన కాలువ, రైలు కట్ట కింది తూము, పంచాయతీ భూముల్లోని మురుగు కాలువ అన్నీ ఒకేసారి తెరిచి ఉండాలి. ఇవి ఒకే సంస్థ చేతిలో లేవు. ఒకచోట పూడిక తీసి, తరువాతి చోట వదిలేస్తే నీరు ఉన్నచోటే నిలుస్తుంది. ఏ వీధిలో నీరు ముందు ఎక్కుతుందో, ఏ తూము మూసుకుపోయిందో స్థానికులకు తెలుసు. ఆ సమాచారాన్ని కార్యాలయానికి చేర్చి, పని జరిగిందా లేదా అని మళ్లీ అడగడం కౌన్సిలరు బాధ్యత.

2025 మార్చిలో ఉత్తర హౌరాలోని బేల్‌గాఛియా చెత్త డంపింగ్ స్థలంలో నేల కుంగింది. దశాబ్దాలుగా పేరుకున్న చెత్తగుట్ట బరువుకు భూమి జరిగి, ఇళ్లకు పగుళ్లు పట్టాయి. తాగునీటి పైపులైను దెబ్బతిని నగరంలోని పలు ప్రాంతాలకు సరఫరా నిలిచిపోయింది. నివాసితులను ఇళ్లు ఖాళీ చేయించవలసి వచ్చింది. చెత్త ఎక్కడ వేయాలి, ఎంత ఎత్తు వరకు వేయాలి, ఎప్పుడు ఆపాలి అన్న నిర్ణయాలు ఆలస్యమైతే వాటి భారం ఎవరి మీద పడుతుందో ఈ ఘటన చూపింది.

ముందున్న కాలం

లిలువాను ఇంతకాలం మలిచిన పెద్ద నిర్ణయాలు బయట జరిగినవే. కార్ఖానాను ఎక్కడ పెట్టాలో రైల్వే కంపెనీ నిర్ణయించింది. ఏ నమూనా పెట్టె తయారు చేయాలో రైల్వే బోర్డు నిర్ణయిస్తుంది. ఊరు హౌరాలో ఉండాలా, బాలీలో ఉండాలా అన్నది శాసనసభ తేల్చుతుంది. స్థానికులు నేరుగా పాలుపంచుకోగలిగిన చోటు వార్డు ఒక్కటే. వర్క్‌షాప్‌లోకి వచ్చే కొత్త పెట్టెలకు తగిన శిక్షణ యువతకు అందుతుందా అన్నది ఇక్కడి ఉపాధిని నిర్ణయిస్తుంది. విడిపోయిన బాలీకో, కలిసి ఉన్న హౌరాకో ఎన్నికైన మండలి ఎప్పుడు ఏర్పడుతుందన్నది కాలువల పూడిక నుంచి ఇంటి పన్ను వరకు అన్నిటి మీద ప్రభావం చూపుతుంది.

హౌరా వెళ్లే తెలుగు ప్రయాణికుడు ఉత్తరాదికి పోయే రైలు ఎక్కితే, స్టేషన్ దాటిన కొద్ది నిమిషాలకే కిటికీలోంచి వర్క్‌షాప్ షెడ్లు, మరమ్మతు కోసం వరుసగా నిలిపిన పెట్టెలు కనిపిస్తాయి. వాటి వెనుక ఉన్న ఇళ్లలో సుమారు 125 ఏళ్లుగా, తరం తరువాత తరం, ఆ పెట్టెలను నడిచేలా ఉంచుతున్న కుటుంబాలు నివసిస్తున్నాయి.